సీటు మీద కవరు

"అయిదేళ్లలో నాలుగు వేల కిలోమీటర్లే తిరిగింది భయ్యా. సీట్ల కవర్లు కూడా తియ్యలేదు," అన్నాడు మణికుమార్ గర్వంగా. ఆ హైబ్రిడ్ కారు కొన్ననాడే దాన్ని అమ్మే రోజు గురించి ఆలోచించిన మనిషి అతను.

కొందామని బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వచ్చిన తాతబ్బాయికి చేపల బోటుంది. బోటు అడుగు చూసినట్టే కారు కిందకి దూరి, వేళ్లతో తట్టి చూశాడు. లేచి స్టార్ట్ చేశాడు. స్టీరింగ్ ముందు పసుపుపచ్చ లైటు వెలిగింది.

"బండి నడుస్తాది బాబూ. బేటరీయే సగం సచ్చిపోనాది. రెండు నెల్లు ఒడ్డున పెడితే నా బోటింజనుదీ ఇదే గోల. నువ్వు సెప్పిన రేటులో సగమిస్తాను, పక్కా."

"కొత్తదానిలా దాచాను కదా భయ్యా."

"అందుకే మరి."

ఈ అయిదేళ్లూ ఫెరార్గంజ్‌లోని పుట్టింటికి బస్సులోనే వెళ్లొచ్చిన మణికుమార్ భార్య సుష్మ, గుమ్మంలోంచి అంతా వింది. మెల్లగా వచ్చి, ముందు సీటు మీది ప్లాస్టిక్ కవరును పరపరా చించేసింది.

"రేటెలాగూ పోయింది కదా," అంది భర్తతో. "ఇప్పుడైనా నన్ను ఎక్కనిస్తారా?"