పక్క కిటికీ

బాలు తలుపు తీసేసరికి ఎదురుగా ఎవరో నడివయసు ఆవిడ. ముఖమంతా చెమట. కళ్లలో నిద్రలేమి.

"పక్క బిల్డింగ్‌ల ఉంట సార్. మీ ఏసీ బయటి డబ్బా వేడి గాలంత నా కిటికీకే కొడుతున్నది. నాకు రాత్రి డ్యూటీ. పగలు కునుకు పడ్తలేదు. జర పక్కకు జరిపియ్యున్రి."

కొత్తగూడలో ఆ రెండు బిల్డింగుల మధ్య సందు చెయ్యి చాపితే అందేంత.

"కిటికీ మూసుకోండి."

"మూస్తే ఊపిరాడది సార్. ఒక్కటే కిటికీ."

"శుక్రవారం నాకు ప్రజెంటేషన్ ఉందండి. అది అయ్యాక చూద్దాం."

ఆ ప్రజెంటేషన్ దేని మీదనుకున్నారు? భూమి వేడెక్కడం మీద! కంపెనీ వదిలే కర్బన వాయువులు ఎలా తగ్గించాలో, ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని స్లైడులు చేస్తున్నాడు మహానుభావుడు. దీపం కింద చీకటి అంటే ఇదే.

పాపం, అతని ప్రాణమంతా హాస్పిటల్లోనే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన కూతురు గాజుపెట్టెలో ఉంది. భార్య ఉదయశ్రీ అక్కడే ఉంటోంది. రోజూ ఫోన్లో ఒకటే మాట.

"ఇక్కడ నైట్ సిస్టర్ ఉన్నారు చూడండీ, దేవత. ఆవిడ చేతుల్లోనే మన పాప బతికింది."

రాత్రిళ్లు వెళ్లే వీల్లేక తనింకా చూడని ఆ సిస్టర్‌కు డిశ్చార్జి రోజున పెట్టాలని బాలు మంచి చీర కొన్నాడు.

మర్నాడు ఆవిడ మళ్లీ వచ్చింది.

"పోనీ, మధ్యాహ్నం ఒక్క గంటన్న బంద్ చెయ్యున్రి సార్."

"చూద్దామన్నాను కదండీ." తలుపు మూసేశాడు.

శుక్రవారం ప్రజెంటేషన్‌కు చప్పట్లు మోగాయి.

శనివారం పొద్దున పక్క బిల్డింగు ముందు జనం గుమిగూడి ఉన్నారు.

"ఏమైంది పెంటయ్యా?" వాచ్‌మన్‌ను అడిగాడు బాలు.

"వడదెబ్బ సార్. నిన్న పగటీలి గదిలనే పడిపోయింది. ఒంటరి మనిషి, ఎవలు చూడలె. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది."

"ఎవరు?"

పెంటయ్య పైకి చూపించాడు. బాలు ఏసీ డబ్బాకు ఎదురుగా ఉన్న కిటికీ అది.

ఆ రోజే పాప డిశ్చార్జి. బాలు చీర కవరు పట్టుకుని హాస్పిటల్‌కు వెళ్లాడు.

ఉదయశ్రీ పాపను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏమైంది? పాప బాగానే ఉందా?"

"పాప బాగుందండీ. నైట్ సిస్టరే... నిన్న పోయారట. మన కొత్తగూడలోనే కిరాయికి ఉండేవారట."

కవరు చేతిలోంచి జారిపోయింది.

"పక్కవాళ్ల ఏసీ వేడికి పగలు నిద్రే ఉండేది కాదట. అయినా రాత్రి మన పాప దగ్గర ఒక్క రెప్ప వాల్చలేదండీ."