డెబ్బై ఆరు మోడల్ పికప్పు

పక్కవాడు అబద్ధమాడుతుంటే నోరు మూసుకున్నవాడిది కూడా అబద్ధమేనా? తొమ్మిదేళ్ళు ఈ సందేహం మోశాను. ప్రార్థనలో అడిగినా తెగలేదు.

తొమ్మిదేళ్ళ కిందటి ఆ నవంబరులో నేను మా బావ లైల్ నడిపే బండ్ల స్పేర్ పార్టుల కొట్లో పనిచేసేవాణ్ణి.

మగవాళ్ళ కోటు తొడుక్కున్న ఒకావిడ లోపలికొచ్చింది. యాభై దాటి ఉంటాయి. మా ఊరి మనిషి కాదు.

తన పికప్పు ట్రక్కు మా కొట్టు ముందే ఆగిపోయిందట. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పాయింట్లు కావాలంది.

బావ ఏ సంవత్సరం బండి అని అడిగాడు. డెబ్బై ఆరు అంది. అతను పార్టుల పుస్తకం తిప్పాడు.

"డెబ్బై ఆరుకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషనమ్మా. పాయింట్లుండవు."

"నా బండికి ఉన్నాయి."

"మీ ఆయన చెప్పి పంపాడా?"

కొట్లో ఓ పక్కన కూర్చుని కాఫీ తాగుతున్న రైతులు నవ్వారు.

"ఆయన లేడు. నా దగ్గర స్క్రూడ్రైవరుంది. బయటికి రండి."

అందరం వెళ్ళాం. ఆమె బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కనుంచి వచ్చే సన్నటి తీగ చూపించింది. ఒక్కటే ఉంది. ఎలక్ట్రానిక్ అయితే రెండో మూడో ఉండాలంది. పుస్తకంలో అలా లేదన్నాడు బావ.

ఆమె డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్ పైకి లాగింది. కింద పాయింట్లు, నల్లగా మాడిపోయి. ఎలక్ట్రానిక్‌ది పీకేసి పాతరకం తనే బిగించుకుందట.

"మీరు చదివారు. నేను చూశాను," అంది.

ఈసారి రైతులు బావను చూసి నవ్వారు.

బావ మొహం ఎర్రబడింది. "పాయింట్లు మా దగ్గర లేవు," అన్నాడు.

ఉన్నాయి. ముందురోజే నాలుగు డబ్బాలు నేను సర్దాను.

ఆమె నా వైపు చూసింది. నేను నా బూట్లు చూసుకున్నాను.

మధ్యాహ్నం ఒకచోట తన కోసం ఎదురుచూస్తుంటారని మాత్రం అంది. జేబులోంచి అట్ట అగ్గిపెట్టె తీసి, దాని గరుకు పట్టీతో మాడిన చోట గీకింది. ఆ అట్టనే పాయింట్ల మధ్యలో దూర్చి, ఆ మందాన సందు పెట్టింది.

బండి రెండోసారికి అందుకుంది. ఆమె వెనక్కి చూడలేదు.

ఆ రోజు మూడింటికి మా చర్చిలో కొత్త పాస్టరు కోసం కూర్చున్నాం. రెండేళ్ళుగా మాకు పాస్టరు లేడు. ఈసారీ కుదరకపోతే చర్చి మూసేస్తామని బిషప్పు చెప్పేశాడు. మెరిట్ ఓస్బీ అన్న పేరు తప్ప వచ్చే మనిషి గురించి మాకేమీ తెలియదు. బావ టై కూడా కట్టుకున్నాడు.

చీకటి పడినా ఎవరూ రాలేదు. మాట మీద నిలబడని మనిషి మనకెందుకన్నాడు బావ.

మంచు కరిగేసరికి చర్చికి తాళం పడింది.

పోయిన నెల పక్క కౌంటీలో మా పినతల్లి అంత్యక్రియలకు వెళ్ళాను. ప్రార్థన చేయిస్తున్న పాస్టరమ్మ గొంతు ఎక్కడో విన్నట్టనిపించి తలెత్తాను. తరవాత ప్రార్థన నా చెవికెక్కలేదు.

అయ్యాక ఆమె గుమ్మంలో నిలబడి అందరికీ చెయ్యి కలుపుతోంది. నా వంతు వచ్చింది. ఇన్నేళ్ళు బాకీపడ్డ మాట చెప్పేశాను.

"ఆ రోజు పాయింట్లు మా దగ్గరున్నాయమ్మా."

ఆమె నా చెయ్యి వదల్లేదు. గొంతులో కోపమూ లేదు.

"తెలుసు. అందుకే మూడింటికి మీ చర్చికి రాబుద్ధి కాలేదు."