తాబేలు కథకు ముహూర్తం

"భిక్షపతన్నా, మళ్ల బంద్ ఎప్పుడు?"

దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురిలో సమ్మె టెంటు ముందు నిలబడి అరుణజ్యోతి అడిగింది. కాలనీ జేఏసీకి భిక్షపతే పెద్ద. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బస్సుల్లేవు, బడుల్లేవు. ఈ బందులు ఎప్పుడు ఆగుతాయని అడిగేవాళ్లే తప్ప, ఎప్పుడు మొదలవుతాయని అడిగే మనిషిని ఆయన ఇదే చూడటం. ముచ్చటేసింది.

ఇంకా ఖరారు కాలేదనీ, అయ్యాక ముందు ఆమెకే చెబుతాననీ మాటిచ్చాడు.

అరుణజ్యోతి ఉద్యమకారిణి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒక్క ర్యాలీకి వచ్చిన పాపాన పోలేదు. రోడ్డు మీద వంటావార్పుకు పిలిస్తే గంపెడు పులిహోర పంపింది గానీ తాను గడప దాటలేదు. ఆమె లోకం వేరు. మాట రాని పిల్లలు, చూపు నిలవని పిల్లలు, కుదురుగా కూర్చోలేని పిల్లలు. వాళ్లకు మెయిన్ రోడ్డు మీది కమ్యూనిటీ హాలులో ప్రతి ఆదివారం కథ చెబుతుంది.

ఆ కథ నోటితో చెబితే సరిపోదు. తాబేలు వాగుకు బయలుదేరిందంటే పిల్లల అరచేతులు తడి ఇసుకలో ఉండాలి. గుట్ట ఎక్కిందంటే వాళ్లు గోనెపట్టా మీద పాకాలి. వాగు దగ్గరపడిందంటే పుదీనా నలిపి వాసన చూపించాలి. వాన మొదలైందంటే మెడ మీద ఒక్క చల్లటి చుక్క. వరస తప్పిందా, సగంమంది ఏడుపందుకుంటారు. సాయంగా వచ్చే పక్కింటి శ్రీనివాస్ ఒకసారి గజ్జెలు కూడా తెచ్చాడు. అరుణజ్యోతి వాటిని తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎందుకని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఊరి పిల్లలకింత చేసే తల్లికి ఒకటే కొరత. కన్నకూతురు జ్యోతిక ఒక్క ఆదివారమైనా ఆ కథ పదిమందిలో కూర్చుని వినలేదు. ఆరేళ్ల పిల్ల. ఇంట్లో చెబితే తాబేలు వెంట మోకాళ్ల మీద ఇల్లంతా పాకుతుంది. హాలుకు బయలుదేరదీస్తే గల్లీ సగంలోనే కూలబడుతుంది. ఇక దేవుడు దిగొచ్చినా లేవదు. మొండితనమని కొందరు, భయమని కొందరు. దిష్టని నానమ్మ అండాలమ్మ. నల్లతాడు కట్టింది, నిమ్మకాయలు తిప్పింది. పిల్ల కూలబడే చోటు మాత్రం మారలేదు.

ఆ ఇంటి కిటికీలకు పట్టపగలు కూడా బొంతలు వేలాడుతుంటాయి. దోమలకు కాబోలు అనుకునేవారు వాడకట్టువాళ్లు.

బుధవారం భిక్షపతి మాట నిలబెట్టుకున్నాడు. శుక్రవారం బంద్. అట్లాంటిట్లాంటి బంద్ కాదన్నాడు.

ఆ సాయంత్రమే అరుణజ్యోతి తల్లులందరికీ ఫోన్లు చేసింది. ఈసారి తాబేలు కథ ఆదివారం కాదు, శుక్రవారం పొద్దున.

శ్రీనివాస్ నెత్తి పట్టుకున్నాడు. బంద్ రోజు పిల్లలను ఎట్లా తెస్తారని ఆయన గోల. అందరూ చుట్టుపక్కల గల్లీలవాళ్లే, చంకనేసుకుని నడిచొస్తారని ఆమె తేల్చేసింది. ఈమెకు మతి గానీ చలించలేదు కదా అనుకున్నాడాయన.

సంగతి టెంటుకు చేరింది. భిక్షపతికి ఒళ్లు మండింది. తేదీ అడిగి మరీ అదే రోజు కార్యక్రమం పెడితే, అది బంద్‌ను చెడగొట్టడం కాక మరేమిటి? నాలుగు మాటలు దులిపేద్దామని గురువారం పొద్దున్నే ఇంటికొచ్చాడు. లోపల జ్యోతిక పళ్లెంలో తడి ఇసుకను వేళ్లతో నెమ్మదిగా దువ్వుతోంది. ఆ పిల్లను చూడగానే కోపం సగం దిగిపోయింది.

"సరే చెల్లె, పిల్లల కోసమంటున్నవ్ గద. ఓ రెండు గంటలు ఆటోలను ఇడిచిపెట్టమని మావోళ్లకు చెప్త. మన డప్పులోళ్లను గూడ తోలిస్త, పిల్లలు జర ఖుష్ అయితరు."

అరుణజ్యోతి ముఖం పాలిపోయింది. చేతులు జోడించింది.

"నీ కాళ్లు మొక్కుతనే అన్నా. మాకోసం బంద్ సడలించకు. ర్యాలీ గూడ ఎల్బీనగర్ చౌరస్తా దిక్కు తీస్కపో. బంద్ అంటే బంద్ లెక్కనే ఉండాలె."

ఇలాంటి నిప్పులాంటి మనిషినా తాను అనుమానించింది అని భిక్షపతి సిగ్గుపడ్డాడు. టెంటుకు తిరిగొచ్చి, ఉద్యమమంటే ఆ ఆడబిడ్డను చూసి నేర్చుకోండని అందరికీ క్లాసు పీకాడు.

శుక్రవారం వచ్చింది. బట్టల షాపుల షట్టర్లు దిగే ఉన్నాయి. కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు హాస్టళ్లలో ఇంకా నిద్ర లేవలేదు. డివైడర్ పక్కన ఒక కుక్క నాలుగు కాళ్లూ చాపి పడుకుంది. పిల్లలను చంకనేసుకుని తల్లులు ఒక్కొక్కరే వచ్చారు.

అరుణజ్యోతి కూతురి భుజం మీద చెయ్యేసి నడిపించుకొస్తోంది. పిల్ల ఎప్పుడూ కూలబడే చోటు వచ్చింది. జ్యోతిక ఆగింది. అటూ ఇటూ చూసింది. మళ్లీ నడిచింది. గల్లీ దాటింది. హాలు వైపు తిరగనే లేదు. తిన్నగా వెళ్లి మెయిన్ రోడ్డు నడిమధ్య చతికిలబడింది.

"శీనన్నా, సామానంతా ఈడికే తీస్కరా" అంది అరుణజ్యోతి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

గోనెపట్టా వచ్చింది. ఇసుక పళ్లెం వచ్చింది. పిల్లలంతా చుట్టూ చేరారు. ర్యాలీని ఎల్బీనగర్ దిక్కు పంపేసి టెంటులోంచి చూస్తున్న భిక్షపతికి ఒళ్లు పులకరించింది. పసిపిల్లలు కూడా రోడ్డు మీద బైఠాయించారు కదా అని పిడికిలెత్తి జై కొట్టబోయాడు. అరుణజ్యోతి దూరం నుంచే పెదవుల మీద వేలు పెట్టింది. ఎందుకో తెలియకపోయినా ఆయన పిడికిలి దించాడు.

తాబేలు వాగుకు బయలుదేరింది.

హారన్ మోత లేని ఆ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద జ్యోతిక, గడప దాటితే చాలు చెవుల మీద బిగుసుకుపోయే తన రెండు అరచేతులనూ తీసి, తడి ఇసుకలో పెట్టింది.