ముందు బెంచీలో శిష్యుడు

"తాతా, ఆ నిచ్చెన కాస్త పక్కకి జరుపు."

నిచ్చెన మీదున్న పెద్దాయన పలకలేదు.

కేథరిన్ మూడుసార్లు పిలిచింది. ఆయన ఆమెకి వీపు పెట్టి, కిటికీ చువ్వలకి నీలం రంగు వేసుకుంటూనే ఉన్నాడు.

ఒక్కసారి వెనక్కి తిరిగితే ఈయన సొమ్మేం పోతుందో అని గొణుక్కుంటూ, ఆమె నిచ్చెన పక్కనుంచి ఒదిగి వెళ్లి మైకు ముందు నిలబడింది. కోప్పడే తీరిక కూడా లేదు మరి.

ఈ ఆదివారం గాజువాక చర్చి హాల్లో యూత్ మీటింగు. అందులో పది నిమిషాలు కేథరిన్‌వి. ఆ సంగతి తెలిసినప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

పోయినసారి కాగితంలో తల దూర్చి గబగబా చదివేస్తే, వెనక బెంచీల వాళ్లు నవ్వారు. ఈసారీ అంతే అయితే ఇకమీదట యూత్‌లోని డానీ మాట్లాడతాడని సంఘ పెద్ద ఫ్రాన్సిస్ గారు మొహం మీదే చెప్పేశారు. డానీ ఒకసారి మైకు పట్టుకున్నాడంటే ఇంక వదలడు.

కానీ ఈసారి ఆమె దగ్గర ఒక మాట ఉంది. లిమ్ముద్. బైబిల్లోని హీబ్రూ మాట. ఆన్‌లైన్ క్లాసులో అది దొరికిన రోజు ఆమె బస్సులోనే చప్పట్లు కొట్టింది.

కాగితం తీసి చదివింది. పది నిమిషాలది నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

తల ఎత్తేసరికి పెద్దాయన ముందు బెంచీలో కూర్చుని ఉన్నాడు, చేతిలో బ్రష్షుతో.

"ఏటమ్మా అలగ పరిగెడతన్నావ్? నీ ఎనకాల ఎవులైనా తరుంతన్నారేటి?"

హాలంతా మోగింది. కేథరిన్‌కి ఒళ్లు మండింది.

"కాయితం దించీ. నా మొకం సూసి సెప్పు. మెల్లిగా."

పోర్టు దగ్గరున్న ఆఫీసుకి బస్సు ఎనిమిదింటికి. ఇంకా టైముంది. సరే, వినేవాళ్లు ఒక్కరైనా దొరికారు కదా అనుకుని మళ్లీ మొదలుపెట్టింది.

లిమ్ముద్ అంటే పండితుడని కాదట, నేర్పించుకునేవాడట, అంటే శిష్యుడు. ఒకే వాక్యంలో ఆ మాట రెండుసార్లు వస్తుంది. ముందు శిష్యుడి నాలుక, తర్వాత శిష్యుడి చెవి. ఆ చెవిని దేవుడే రోజూ పొద్దున్నే తట్టి లేపుతాడు.

ఆమె తల పక్కకి తిప్పినప్పుడల్లా ఆయన బ్రష్షు ఎత్తి ఆపేవాడు.

"గోడకి సెప్తన్నావా, నాకు సెప్తన్నావా?"

అలా నాలుగు రోజులు గడిచాయి. మధ్యలో ఫ్రాన్సిస్ గారు వచ్చి, ఏ గోడకి ఏ రంగో చేత్తో చూపించి వెళ్లిపోయేవారు. పనివాడితో నోరు విప్పి రెండు మాటలు మాట్లాడలేరా అని కేథరిన్‌కి ఆయన మీదా కోపమొచ్చింది.

శుక్రవారం ఆమె కాగితం లేకుండానే మొత్తం చెప్పేసింది. పెద్దాయన కదల్లేదు. బ్రష్షు మీద రంగు ఎండిపోయింది.

"అంటే ముందు ఇనాల. ఇన్నోడికే నోరు. అంతేనా అమ్మా?"

క్లాసు నోట్సులో ఆమె పన్నెండు పేజీలు రాసుకున్నది అదే. సంతోషం పట్టలేక ఎగిరి గంతేసింది. ఆదివారం తప్పకుండా రమ్మని పిలిచింది.

"ఎందుకమ్మా? నాకు అందిపోనాది కదా," అని నవ్వి ఆయన నిచ్చెనెక్కాడు.

ఆదివారం హాలు కిక్కిరిసిపోయింది. కేథరిన్ ముందు బెంచీలో ఒక మొహాన్ని ఎంచుకుని, మెల్లిగా, ఆ మొహానికే చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో దీవెనమ్మ మామ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది డానీయే. వచ్చే నెలా నువ్వే మాట్లాడాలమ్మా అని ఫ్రాన్సిస్ గారు అక్కడికక్కడే చెప్పేశారు.

కేథరిన్ మెట్లు దిగి, గుమ్మం దాకా పరిగెత్తి, పెద్దాయన కోసం వెతికింది. కిటికీలన్నీ నీలంగా మెరుస్తున్నాయి. నిచ్చెన లేదు.

పని నిన్నటితో అయిపోయిందనీ, ఆయన వాళ్ల ఊరు పద్మనాభం వెళ్లిపోయాడనీ ఫ్రాన్సిస్ గారు చెప్పారు. నాలుగు రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకుని కనీసం పేరైనా అడగలేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఆ తాత ఫోన్ నంబరివ్వండి అంకుల్. ఈ కబురు ముందు ఆయన చెవిన వెయ్యాలి."

ఫ్రాన్సిస్ గారు ఆమెని వింతగా చూశారు.

"ఫోనేటమ్మా, ఎదురుగా కూర్చుని మన పెదాలు చూసి మాట పట్టుకోవడమే గానీ, ఓడలకి పట్టిన తుప్పు సుత్తితో రాలగొట్టే పనిలో, ఆ మోతకి ఆయనకి రెండు చెవులూ పోయి ఇరవయ్యేళ్లయింది."