మోత తగ్గాక

"చెవులు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. మరి రెండేళ్లొచ్చినా పిల్ల నోట మాట రాదేంటి అత్తయ్యా?"

"మీ ఆయనా అంతే. ఇప్పుడు నోరు మూయమన్నా మూస్తాడా?" అంది అత్తయ్య.

ఇంతలో ఊరి పక్కనున్న వైమానిక స్థావరం నుంచి లేచిన యుద్ధవిమానం ఇంటి కప్పు మీదుగా దూసుకుపోయింది. ఆ మోతలో అరిచినా వినపడదు కనుక, ఎప్పట్లాగే ఇద్దరం గొంతు పెగల్చకుండా పెదవులు కదిపే మాట్లాడుకున్నాం.

మోత తగ్గింది. "రోజంతా ఇదే గోల. పిల్లకు నాలుగు ముక్కలు నేర్పే సందు ఇవ్వరు," అని విసుక్కున్నాను.

పాప నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. చప్పుడు లేకుండా నోరు తెరిచి, పెదవులు కలిపి, మళ్లీ తెరిచింది.

"ఆకలేస్తోందేమో," అన్నాను.

"కాదే, పెదవులు చూడు," అంది అత్తయ్య మెల్లగా. "అమ్మా అంటోంది. మనం నేర్పినట్టే."