కనబడుట లేదు

కొత్తగా లేచిన హైటెక్ సిటీ వెనక, బండల సందులో ముడుచుకుని దొరికాడు మా స్టీఫెన్. డిసెంబరు చలికి పదిహేనేళ్ల పిల్లాడి పెదవులు పగిలి నల్లబడ్డాయి. నా స్వెటర్ తీసి వాడికి తొడిగాను.

"లెక్కల్లో తప్పావని రెండు తగిలించాను. దానికి మూడు రాత్రులు ఇక్కడుంటావా?"

"రెండోరోజే ఇంటికి బయలుదేరాను నాన్నా. కొండాపూర్‌లో కరెంటు స్తంభం మీద నా ఫొటో, దానికింద రాసింది చూసి వెనక్కొచ్చేశాను."

కొట్టిన సంగతి బయటపడకూడదని ఆ కాగితంలో 'మతిస్థిమితం లేదు' అని రాయించింది నేనే.

"మరి చలికెలా తట్టుకున్నావురా?"

వాడు కాళ్ల దగ్గరి బూడిద చూపించాడు.

"కనిపించినవన్నీ చింపి తెచ్చి కాల్చాను. ఇంకెక్కడైనా ఉన్నాయా నాన్నా?"

ఇంకా అంటించాల్సిన కట్ట నా భుజానున్న సంచిలోనే ఉంది.