పండుగనాడు తెరిచిన తలుపు

"ఇక ఒప్పుకో దేసాంకా! కొత్త తాళాలు వేసేముందు నా ప్రోగ్రాము పాత కన్నాలన్నీ చూపిస్తుంది."

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోనండీ?"

రోగుల వివరాలు బయటికి పొక్కాయి. ఆ నేరం మోపి, ఉద్యోగిని దేసాంకను కొలువునుంచి తొలగించే ఉత్తర్వు పక్కగదిలో డైరెక్టరు బల్లమీద ఉంది. సెర్బియాలో నోవిసాద్ నగరంలోని ఆ ఆసుపత్రి డేటాబేస్‌కు ఏకైక ద్వారపాలకుడైన వుకాషిన్ మహాశయుడు, ప్రవేశ నియమాలను కట్టుదిట్టంగా తిరగరాసే తన స్వీయకృతిని నడిపించాడు.

సృష్టికర్త పట్ల భక్తి బొత్తిగా లేని ఆ కృతి, మొదటి లోపాన్ని ఎర్రగా చూపింది: 'ఎక్కడినుంచి ఎవరొచ్చినా పాస్‌వర్డ్ అడగవద్దు. రాసినది: వుకాషిన్, డిసెంబరు పంతొమ్మిది.'

అది తన ఇంటి ఇలవేలుపు సెయింట్ నికొలా పండుగరోజు. అతిథుల నడుమ, ఇంటినుంచే పని చూసుకుందామని డేటాబేస్ తలుపు తెరిచి, మూయడం మరిచాడు.

"ఆరోజు... నువ్వూ వచ్చావు కదూ?"

"మీ పక్కనే కూర్చున్నాను. రేపు మూసేస్తానన్నారు."

"మరి చెప్పలేదేం?"

"మీరు ప్రసాదంగా పెట్టిన పండుగ గోధుమలు తిన్న నోటితో ఎలా చెప్పనండీ? మీరే చెబుతారనుకున్నాను."

వుకాషిన్ ఆమె ముఖం చూడలేకపోయాడు. లేచి వెళ్లి, తెరిచే ఉన్న డైరెక్టరు తలుపును తట్టాడు.

"ఆ ఉత్తర్వులో పేరు మార్చాలండీ" అన్నాడు.